వేలి కణుపు చప్పుడు

మా ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతారు. అక్కడ అందరూ ఆయనను ఎర్రపెన్ను అంటారు. మందు సీసా మీది కాగితం కూడా చదివి, అందులో తప్పులు దిద్ది గానీ మందు తాగని మనిషి. నేను కళ్ళజోడు మార్చిన సంగతి నాలుగు నెలలకు గానీ గమనించలేదు. ఇంగ్లీషులో ఏ పేరు ముందు ‘ది’ పెట్టాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నదికి, సముద్రానికి, కొండల వరుసకు ఉండాలట. సరస్సుకు, ఒంటి కొండకు, ఊరికి ఉండకూడదట. మనిషి పేరుకు అసలే కూడదు, ఇంటిల్లిపాదినీ కలిపి చెబితే మాత్రం వస్తుందట.

“అంటే నాకొక్కదానికి లేదన్నమాట,” అన్నాను ఒకసారి.

“లేదు,” అన్నారు, తలైనా ఎత్తకుండా.

నేనూ ఆ అచ్చాఫీసులోనే బైండింగులో ఉండేదాన్ని. అచ్చయిన పెద్ద కాగితాలను, అంటే ఫారాలను, మడిచి కుట్టడం నా పని. నా స్టూలు మీద కూర్చుంటే వాళ్ళ బల్ల నేరుగా కనబడేది. వాళ్ళంటే ఆయనా, చదువులమ్మా. ప్రూఫు దిద్దడానికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే రెండోవారు అచ్చు కాగితం చూసుకుంటూ దిద్దుతారు. ఆమె పైకి చదివేది గనక చదువులమ్మ అని పేరు పడిపోయింది. వాళ్ళ చేతికి వచ్చేవన్నీ బళ్ళకు వేసే ఇంగ్లీషు భూగోళం పుస్తకాలు. పేజీ నిండా నదులు, సముద్రాలు, దీవులు. ప్రతిదానికీ ‘ది’ అనలేక నోరు పడిపోతోందని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ‘ది’ ఉన్న చోట బల్ల మీద వేలి కణుపుతో టక్కున ఒక్క దెబ్బ. లేని చోట ఏమీ లేదు.

పద్నాలుగేళ్ళు ఆ చప్పుడు విన్నాను. ఆమె ఆయనను ‘అన్నయ్యగారూ’ అనే పిలిచేది, నన్ను ‘వదినా’ అనేది. పిలిస్తే పిలిచింది, నా కడుపుమంట చల్లారలేదు. ఇంట్లో నేను మూడుసార్లు పిలిస్తే నాలుగోసారికి ‘ఊఁ’ అనే మనిషి, అక్కడ ఆమె వేలు కదిలితే చాలు పెన్ను కదిపేవారు. వాళ్ళిద్దరి మధ్య తప్పు ఏమీ లేదని నాకు తెలుసు. ఉంటే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. లేనిదానికి ఎవరినేమని అడగను?

ఇంతలో ఏదో పత్రిక మూతపడి, అందులో పనిచేసిన ఒకతను మా దగ్గర ప్రూఫురీడరుగా చేరాడు. నేనే వెళ్ళి ఫోర్‌మన్ చెవిలో మాట వేశాను.

“కొత్తాయనకి పని అలవాటయ్యేదాకా చదువులమ్మని ఇవ్వండి. మా ఆయనకి నేను చదువుతాను. నాకూ ఇంగ్లీషు వచ్చు కదా.”

ఫోర్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, “మంచి మాటే చెప్పారమ్మా,” అన్నాడు.

ఆ పొడుగుబల్లకు నడిమధ్య ప్లైవుడ్డు చెక్క నిలబెట్టారు. అవతల వాళ్ళు, ఇవతల మేము. మిషన్ల మోతలో అవతలి మాట ఇవతలికి వినబడదు. మొదటిరోజు తల నున్నగా దువ్వుకుని మరీ కూర్చున్నాను. మొదటి నది రాగానే నేనూ వేలు మడిచి కొట్టబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“నువ్వు నోటితోనే చెప్పు. నీకు తప్పిపోతుంది.”

సరే, నోటితోనే చెప్పాను. గొంతు బొంగురుపోయేలా చదివాను. పెళ్ళయ్యాక ఆయన నా మాట అంతసేపు వినడం అదే మొదలని లోలోపల మురిసిపోయాను కూడా.

నాలుగోనాడు ఫోర్‌మన్ కాగితాలు తెచ్చి నా ముందు పడేశాడు. సరస్సుల ముందు ‘ది’. ఊళ్ళ ముందు ‘ది’. ఎవరో నావికుడి పేరు ముందు కూడా ఎర్రసిరాతో ‘ది’.

“చదవడం వచ్చన్నారు కదమ్మా? ఇంకొక్క ఫారం ఇలా వచ్చిందా, మీరు మళ్ళీ కుట్టుపనికే.”

మా ఆయన నావైపు జాలిగా చూశారు. తప్పు నాదేననుకున్నారు. ఆయన దిద్దిన కాగితాలను రాతప్రతితో మళ్ళీ పోల్చి చూసుకున్నాను. వాటిలో ఒక్క ‘ది’ కూడా నేను చదివింది కాదు.

మర్నాడు చదువుతూ ఆయన చేతినే కనిపెట్టి కూర్చున్నాను. ఒక సరస్సు పేరు చదివాను. సరిగ్గా అప్పుడే చెక్క అవతల టక్కుమంది. మాటకు చెక్క అడ్డం గానీ, బల్ల ఒకటేగా! చదువులమ్మ అక్కడ ఏ నదికో కొట్టిన దెబ్బ బల్ల కర్రలోంచి వచ్చి ఆయన మోచేతికి తగిలింది. పెన్ను వెళ్ళి బుద్ధిగా ‘ది’ రాసేసింది. రాసినట్టు ఆయనకు తెలియను కూడా తెలియదు. నాలుగు రోజులుగా నేను చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానన్నమాట.

ఒళ్ళు మండిపోయింది. భోజనాల వేళ చేతులు కడుక్కునే చోట చదువులమ్మను పట్టుకున్నాను.

“నీ చెయ్యి కాస్త ఒళ్ళో పెట్టుకుంటావా? అక్కడ నువ్వు కొడుతుంటే ఇక్కడ ఆయన రాస్తున్నారు. నా పని ఊడేలా ఉంది.”

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ ముఖంలోకి ఒక సంతోషం వచ్చింది. వెంటనే దాచేసుకుంది గానీ నేను చూడనే చూశాను.

“అన్నయ్యగారికి ఇంకా వినబడుతోందా వదినా?” అంది. “సరేలెండి, నేనూ నోటితోనే చెబుతాను. మీ పని పోతే ఎలా?”

అన్న మాట నిలబెట్టుకుంది. ఆ పూట నదులు చదివాను, దీవులు చదివాను, సరస్సులు చదివాను. రెండు పేజీలు ఒక్క తప్పు లేకుండా వచ్చాయి. గెలిచాననుకున్నాను. మూడో పేజీలో ఆయన మోచెయ్యి బల్ల మీద అటు జరిపారు, ఇటు జరిపారు. పెన్నుకు మూత పెట్టి, అరచెయ్యి బల్ల మీద ఆనించారు.

“చదువులమ్మ మానేసిందా?” అన్నారు.

“ఎక్కడికి పోతుంది? అవతలే ఉంది. చదువుతోంది.”

‘ఊఁ’ అన్నారు. చెయ్యి మాత్రం తీయలేదు. నేను మళ్ళీ మొదలుపెట్టి, ఒక వాక్యం మధ్యలో కావాలనే ఆపేశాను. ఆయన కాగితం వైపు చూస్తూ అలాగే ఉన్నారు. నేను ఆపిన సంగతి ఆయనకు తెలియనే లేదు.