టోపీ కింద బొడిపె

క్లారీ నెత్తిమీద బొడిపె లేచినప్పుడు అతని భార్య నోలా కంగారుపడలేదు. ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ చెరకు రైతుల ఒంటిమీద మచ్చలకూ బొడిపెలకూ కొదవా? అన్నీ ఎండ పెట్టినవే. ఏడాదికోసారి చర్మం డాక్టరు దగ్గరికెళ్లి కాల్పించుకు రావడం అక్కడ క్షవరమంత మామూలు.

"క్రషింగ్ అయ్యాక చూపిస్తాలే," అన్నాడు క్లారీ. క్రషింగంటే చెరకు కోసి మిల్లులో ఆడించే నెలలు. పెళ్లి తప్ప ఆయనకు అన్నీ మిల్లు ఆగాకే. ఆరేళ్ల కిందట ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషనూ అలాగే సాగదీశాడు. కోసి తీసేశారు, పీడా పోయిందనుకుని ఆ తర్వాత రక్తపరీక్షలు ఎగ్గొట్టాడు. నోలా పోరి పోరి అలిసిపోయింది. రోజూ పొద్దున్నే ఆ బొడిపె మీద ఎండ క్రీము మాత్రం రాసేది.

టోపీ రాసుకుని నెత్తురు కారితే గానీ మనిషి కదల్లేదు. బొడిపె కోసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇది ఎండ వల్ల వచ్చింది కాదు క్లారీ గారూ. మీ ప్రోస్టేట్ క్యాన్సరే. మామూలుగా ఎముకలకు పాకుతుంది. నెత్తి చర్మంలోకి రావడం చాలా అరుదు."

"అదెప్పుడో కోసి పారేశారుగా!"

"అప్పటికే కాస్త బయటికి పాకి ఉంటుంది. పూర్తిగా పోదు గానీ, ఇంజెక్షన్లతో కొన్నాళ్లు అదుపులో ఉంచొచ్చు. రేపే పెద్దాసుపత్రికి వెళ్లండి."

ఇంటికొచ్చాక క్లారీ టీ ముందు కూర్చుని గొణిగాడు. "ఈ వారమే మన తోట కోత. నేను లేకపోతే ట్రాక్టరు ఎవడు తోలతాడే? కోతయ్యాక..."

నోలా గొంతు పెంచలేదు. ఆ ఓపిక కూడా లేదు.

"ఎవడో ఒకడు తోలతాడు. ఇన్నాళ్లూ ఎండను తిట్టుకుంటూ ఆ మాయదారి దానికి క్రీము రాశాను. ఇంక నిన్ను బతిమాలడం నావల్ల కాదు. పొద్దున్నే కార్లో కూర్చుంటా. వస్తే రా."

అన్నట్టే కూర్చుంది. తోటలో కోత యంత్రం మొదలైంది. రాడేమోనని ఆమెకు ఏడుపొచ్చింది. చాలాసేపటికి ఇంటి తలుపు తెరుచుకుంది. నెత్తిమీద కట్టుతో, టోపీ లేకుండా వచ్చాడు క్లారీ.

"టోపీ ఏదీ?"

"ఎండ తప్పేం లేదటగా."

నోలా నవ్వలేదు. దిగి వెళ్లి టోపీ తెచ్చి, కట్టుకు తగలకుండా ఓరగా పెట్టింది.

"ఆ ఇంజెక్షన్లకు మగాళ్లకీ ఒంట్లో ఆవిర్లొస్తాయట, ముట్లుడిగిన ఆడాళ్లకు మల్లే," అన్నాడు భయంగా.

"రానీ. నాకొచ్చినప్పుడు నువ్వు కోతల్లో ఉన్నావు. నేను ఇంట్లోనే ఉంటాలే."

క్లారీ తల దించుకుని సీటు బెల్టు పెట్టుకున్నాడు.