గుమ్మాలు రాని ఇల్లు

నరసరావుపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే హైమావతికి ఒక అలవాటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కట్టిన ఇంటిని, రంగూ వెలుగూ అద్ది చూపే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి పంపేటప్పుడు కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని ఊపిరి బిగబట్టుకుంటుంది. బల్లకట్టు మీద కృష్ణ దాటే కొత్తవాళ్లూ ఇంతే, కాళ్లు ముడుచుకుంటే రేవు త్వరగా వస్తుందన్నట్టు. ఆ రోజు మరీను. గురజాల నుంచి వచ్చిన బసవమ్మ, ఇల్లు నచ్చకపోతే మధ్యాహ్నం బస్సుకే గుంటూరు వెళ్లి వేరే ఇంజినీరును చూసుకుంటానంది. ఇల్లు దాటింది! గోడలు, మెట్లు, వంటింటి కిటికీలోంచి ఎండ! గుమ్మాలు మాత్రం ఒక్కటీ రాలేదు.

"ఏందమ్మాయ్, పొద్దున్నే ద్వారబంధాలు లేని ఇల్లు చూపిస్తన్నావ్? అపశకునం!" బసవమ్మ లేచింది.

"ఒక్క నిమిషం పిన్నీ! గుమ్మాలు అవతలే ఆగిపోయినయ్. మళ్లీ పంపుతా."

"ఆగు! ముందు సింహద్వారం. తర్వాతే తక్కినయ్యి. అన్నీ ఒకేసారి కుమ్మరించమాక."

అన్నీ ఒక్క నొక్కుతో వచ్చేవే. అయినా హైమావతి తూర్పు ద్వారం ఒక్కటే ఎంచి పంపింది. టేకు రంగుతో గుమ్మం నిలబడగానే "అద్దీ!" అని కేక వేసి, తెర మీద చూపును మెల్లగా గుమ్మం లోపలికి నడిపించింది. తల తిప్పి చూస్తే, బసవమ్మ చెప్పులు విడిచి, ఆఫీసు గచ్చు మీద కుడికాలు ముందుకు పెడుతోంది.