అమ్మ గొంతు తీసిన ఫైలు

నేను బీట్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. బీట్ అంటే పాట కాదు. పాడేవాడి మాటల కింద పరిచే డప్పు, బేసు, కాస్త రాగం. ఎక్కడో ఉన్న ర్యాపర్ దాన్ని కొనుక్కుని పైన తన మాటలు పెట్టుకుంటాడు. పాట అతని పేరుతో తిరుగుతుంది. నా పేరు కింద చిన్నగా ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. చుట్టాలకు ఇదంతా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇప్పుడు ఎవరడిగినా కంప్యూటర్ పని అంటున్నాను. "ఏ కంపెనీల?" అంటారు. మా మేడ మీద అంటే నవ్వుతారు.

మేడ అంటే లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు గల్లీ, అందులో మా ఇల్లు, దాని మీద రేకుల గది. చప్పుడు రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టాను. అయినా వస్తుంది. ఏదైనా రికార్డు చేయాలంటే అజాన్ అయిపోయి గుడి మైకు మొదలయ్యేలోగా దొరికే సందులో చేసుకోవాలి. ఆ సందులోనే ఎవడో ఒకడు బండి హారన్ కొడతాడు. ఎండాకాలం ఫ్యాను వేస్తే మైకులో గాలి, ఆపితే ఒళ్ళంతా చెమట.

కింద గడప ముందు అమ్మ పాలు అమ్ముతుంది. అమ్మ గొంతు గల్లీ ఆ చివరికి కూడా వినపడేది. పాలలో నీళ్ళు కలిపావని ఎవరైనా నోరు జారితే, ఆ పూట జనం టీవీలు తగ్గించుకుని మరీ వినేవాళ్ళు. బాపు బస్సు డిపోలో మెకానిక్. రోజంతా ఇంజన్ల మోతలో ఉండి వచ్చినా, ఇంట్లోనే చెవులు దిమ్మెక్కుతాయని అనేవాడు.

ఒకసారి నేను డప్పు రికార్డు చేస్తుంటే అమ్మ కింద నుంచి కేకేసింది. "ఒరేయ్, కిందికి రారా! బువ్వ సల్లగైతుంది!" ఆ కేక మొత్తం మైకులో పడింది. తీసేద్దామని తిప్పలు పడ్డాను. తీసేముందు ఇంకోసారి విన్నాను. డప్పు దెబ్బ ఆగిన చోటే సరిగ్గా వచ్చి కూర్చుంది. వదిలేశాను. అదే నా ట్యాగ్ అయింది.

ఈ ధంధాలో ట్యాగ్ లేకుండా నడవదు. వినడానికని సైట్లో ఊరికే పెట్టిన బీటును ఎవరూ ఎత్తుకుపోకుండా మధ్యమధ్యలో ఒక గొంతు పెడతాం. పైసలు కట్టినవాడికి ఆ గొంతు తీసేసిన ఫైలు పంపుతాం. బయటి దేశాల వాళ్ళు కింద కామెంట్లలో అడిగేవాళ్ళు, ఎవరీమె, ఏమంటోంది, ఎందుకంత కోపం అని. అన్నం తినమంటోంది అని రాసేవాణ్ణి. చాలామంది నమ్మలేదు.

అమ్మకు ఇది తెలిసినప్పుడు మొదట మురిసిపోయింది. "నా గొంతు అమెరికాల ఇంటున్నరా?" అంది. తర్వాత అసలు సంగతి చెప్పాను, పైసలిచ్చేది ఆ గొంతు తీసేయడానికే అని. 

"అంటే నేను నోరు మూసుకుంటెనే నీకు పైసలొస్తయా?"

"గట్లనే అనుకో."

ఇక చూడాలి. పాలకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొత్తగా నవ్వింది. బాపుకు చెబితే, "నాకు గిన్నేండ్లుగ తెల్వకపాయె, నేను గూడ కడ్తుంటి," అన్నాడు. ఆ రాత్రి ఆయనకు కూర తక్కువ పడింది.

ఆ ట్యాగ్‌తో ఇంకో చిక్కు వచ్చింది. ట్యాగ్ రోజంతా మా గదిలో మోగుతూనే ఉండేది కదా, అమ్మ నిజంగా పిలిచినా ట్యాగ్ అనుకుని కూర్చునేవాణ్ణి. కొన్నిసార్లు ట్యాగ్ విని మెట్లు దిగి వెళ్ళేవాణ్ణి. "నేనేడ పిలిచిన? నీకేమన్న అయిందా?" అనేది. చివరికి ఒక పద్ధతి పెట్టుకుంది. నిజంగా పిలిచినప్పుడు కూర కలిపే గంటెతో మెట్ల ఇనుప రెయిలింగును కొట్టేది. గంటె మోగితే అమ్మ. లేకపోతే కంప్యూటర్.

ఆ తర్వాత పని పలచబడింది. ఇప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే మిషన్లే బీట్లు చేసిస్తున్నాయి. కొనేవాళ్ళు తగ్గారు, అడుక్కునేవాళ్ళు పెరిగారు. కిషన్‌బాగ్ నుంచి ఒకడు పొద్దున్నే మెసేజ్ పెడతాడు, "భాయ్, ఏక్ ఫ్రీ బీట్ దేదో, నామ్ డాలూంగా." ఊరికే ఒక బీటు ఇస్తే నా పేరు వేస్తాడట. అలా పేరు కోసం ఊరికే చేసిచ్చి చేసిచ్చి నా కళ్ళ కింద నల్లబడింది. రోజూ కొత్త బీటు ఎక్కించాలి, ఒక్క రోజు మానితే సైటు మనల్ని అడుగుకు తోసేస్తుంది. సంగీతం మీద ఇష్టం ఉందా అని ఎవరైనా అడిగితే, ముందు కాసేపు పడుకోనివ్వమని చెప్పాలనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే అమ్మ మెడ మీద గడ్డ కనపడింది. థైరాయిడ్. తీసేయాల్సిందే అన్నారు. మాట పలికించే నరం దాని పక్కనుంచే పోతుందనీ, ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి గొంతు పోతుందనీ, కొందరికి మళ్ళీ వస్తుందనీ, కొందరికి రాదనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. బాపు ఒకటే అడిగాడు, "అరుస్తది గదా మేడం?" ఆమెకు అర్థం కాలేదు. మాట్లాడుతుందా అనే అడిగాడనుకుంది.

ఆపరేషన్ జరుగుతుంటే దవాఖాన వరండాలో ఫోనుకు ఒక మెయిల్ వచ్చింది. ఎవరో బీటు కొన్నాడు. ఆ ఆడమనిషి అరుపు లేని ఫైలు తొందరగా కావాలట. అతని తప్పేం లేదు. నాకే ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాను. తెర మీద ట్యాగ్ ఉన్న వరసకు నేను పెట్టుకున్న పేరు "అమ్మ". ఆ పేరు పక్కనున్న మీటను ఒక్కసారి నొక్కితే ఆ గొంతు ఆగిపోతుంది. ఎన్నిసార్లు నొక్కి ఉంటానో. ఆ రోజు చెయ్యి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని నొక్కి, ఫైలు పంపించి, అక్కడే కింద పడుకున్నాను.

గడ్డ తీయించుకుని అమ్మ ఇంటికొచ్చింది. గొంతు రాలేదు. నోరు తెరిస్తే గాలి వస్తుంది, చెవి దగ్గరగా పెట్టి వింటే ఆ గాలిలో మాటలుంటాయి. మళ్ళీ గడప ముందు కూర్చుంది. పాలకొచ్చేవాళ్ళు ఆమెకు చెవులు వినపడనట్టు గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు. ఒకామె పాలు పల్చగా ఉన్నాయంటే, అమ్మ చేతులు ఊపింది, నోరు కదిపింది. ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. బాపు అమ్మ తరఫున పోట్లాడబోయి మధ్యలో మాటలు మర్చిపోయాడు. వాళ్ళిద్దరినీ అలా చూడటం నావల్ల కాలేదు.

నేను స్పీకర్లు ఆపేసి, పనంతా హెడ్‌ఫోన్లలోనే చేశాను. ఆ కేక కిందికి వినపడితే ఎలా ఉంటుందో అని భయం. అమ్మ గంటెతో రెయిలింగును కొడితే ఆ అదురు బల్ల దాకా వచ్చేది, దిగి వెళ్ళేవాణ్ణి. ఆ గొంతు తీసేసి కొత్త ట్యాగ్ పెడదామనుకున్నాను. అదీ చేయలేదు. అది తప్ప ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్ళిళ్ళ వీడియోల్లో కూడా అమ్మ వంట దగ్గరే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే అమ్మ. మెట్లెక్కి వచ్చి రొప్పుతోంది. హెడ్‌ఫోన్లు తీయమని సైగ చేసి, స్పీకర్ల వైపు వేలు చూపించింది.

"వద్దమ్మా," అన్నాను.

మళ్ళీ చూపించింది.

పెట్టాను. డప్పు మొదలై, ఆగింది. "ఒరేయ్, కిందికి రారా! బువ్వ సల్లగైతుంది!" రేకులు అదిరాయి. అమ్మ మెడ మీది మచ్చను చేత్తో పట్టుకుని కదలకుండా వింది. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నా చెవి దగ్గరికి వంగింది.

"ఇప్పుడు నోరు మూసుకున్న గదరా. పైసలు మస్తుగ వస్తున్నయా మరి?"

నాకు నవ్వు రాలేదు. బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. అమ్మ నెత్తి మీద ఒక్కటేసింది. మళ్ళీ వంగి, అదే చెవిలో, "కిందికి రారా, బువ్వ సల్లగైతుంది," అంది. అన్ని మెట్లెక్కి వచ్చి చెప్పింది కాబట్టి వినపడింది. లేచి ఆమె వెనకాలే దిగాను.