క్రేన్ లేకుండా లేచిన చెట్టు

2022 జూన్ 24, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. ఎడారి దేశంలో, ఐకాడ్ పారిశ్రామికవాడలోని మా ఫ్యాక్టరీ వెనుక ఆవరణలో తొమ్మిది మీటర్ల ఇనుప పైపు నేలమీద ఉంది. దాని కొనకు ఖర్జూరపు మట్టలూ వేపకొమ్మలూ కట్టారు. వాటికి ఎరుపు, పసుపు రంగులు వేసిన గుడ్డు పెంకుల దండలు చుట్టారు. రెండు వారాలుగా మెస్ వంటవాడు ప్రతి గుడ్డుకూ రెండు కొనల్లో సన్నని రంధ్రాలు చేసి, సొన ఊది తీసి, పెంకులు పగలకుండా దాచాడు.

ఇదంతా మా జర్మన్ ఫోర్‌మన్ కోసం. ఆయనది కొండల నడుమ ఉన్న ఒక పాత గనుల పట్టణం. నడివేసవిలో, పగలు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజుల్లో, అక్కడ పెంకుల దండలు కట్టిన చెట్టును నడివీధిలో నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ ఆడతారట. ప్రతి జూన్‌లోనూ ఇక్కడ మరమ్మతుల పని పడి, ఆయన ఏళ్ల తరబడి దానికి వెళ్ళలేకపోయారు. ఆగస్టులో ఉద్యోగ విరమణ. వెళ్ళేలోగా ఒక్కసారి ఆ చెట్టును మా మధ్య నిలబెట్టాలని ఆయన కోరిక. మా ముదీర్, అంటే మేనేజరు, ఒకే షరతు పెట్టారు: సేఫ్టీ ఆఫీసరు సంతకం కావాలి. ఆ ఆఫీసరును నేనే.

క్రేన్‌తో ఎత్తడానికి పర్మిట్ రాసి తీసుకెళ్ళాను. ఫోర్‌మన్ చదివి, మడిచి, తిరిగి నా చేతిలో పెట్టారు.

"క్రేన్ నై. ఆద్మీ ఉఠానా. క్రేన్ ఆయా, త్యోహార్ ఖలాస్."

మనుషులే ఎత్తాలట. క్రేన్ వస్తే ఇక అది పండుగే కాదట. నేను నిబంధన చదివి వినిపించాను. ఆయన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మా స్కాఫోల్డింగ్ మేస్త్రీకి మాత్రం నవ్వొచ్చింది.

"గింత దానికి క్రేనా సారూ? మీ పుస్తకంల మనుషులు లేరా?"

"పడితే జవాబు చెప్పేది నేనే కదన్నా."

"పడనిస్తే గదా! ముసలాయన కట్టిన కత్తెర్లు జూసినవా? జూసి మాట్లాడు."

వెళ్ళి చూశాను. పైపుల జతలు, పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా వరుసగా ఉన్నాయి. ప్రతి జతనూ పై కొనకు కాస్త దిగువన తాడుతో కత్తెరలా కట్టారు. మా నాన్న కరెంటు స్తంభాలు ఎత్తే ముఠాలో కూలీ. అవే కత్తెరలు, అదే ముడి. స్తంభం కాస్త లేవగానే కింద పొట్టి కత్తెర, ఇంకాస్త లేవగానే పొడుగుది. ఎన్నడూ కలవని రెండు ఊళ్ళ చేతులు ఒకే పని నేర్చుకున్నాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర 'విద్యుత్ శాఖ' అని రాశాను. ఆ తర్వాత అడిగినవారందరికీ అదే చెప్పాను.

పైపు దించడానికి తవ్విన గుంత లోతు కొలిచాను. మూడు వైపులా తాళ్ళు కట్టించాను. పైపు పడగలిగే మేర ఎవరూ నిలబడకూడదన్నాను. కొత్త పర్మిట్ రాసి సంతకం పెట్టాను.

పన్నెండు మంది కత్తెరలు పట్టారు. ఫోర్‌మన్ తన భాషలో కేక వేశారు. అది ఎవరికీ అందలేదు. ఒక జత ముందు కదిలింది, ఒకటి వెనుకబడింది. పైపు ఊగి పెంకులు గలగలమన్నాయి.

"ఆపండి!" అన్నాను.

"నువ్వు పిలువు సారూ!" మేస్త్రీ పళ్ళ బిగువున అరిచాడు. "గాయన మాట మాకు తెల్వది!"

నాన్న పిలిచినట్టే పిలిచాను.

"జోర్ లగాకే..."

"హైసా!"

పన్నెండు గొంతులు ఒక్కటయ్యాయి. పిలుపు పిలుపుకీ జానెడు లేచింది. చివరికి పైపు గుంతలో దిగి నిటారుగా నిలిచింది. వాలుతున్న ఎండ పెంకుల్లోంచి దూరి, ప్రతి పెంకూ లోపల దీపం పెట్టినట్టు వెలిగింది. ఒక్కటీ పగలలేదు. తర్వాత ఫోర్‌మన్ మేస్త్రీ చెయ్యి పట్టుకున్నారు, మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు, చెట్టు చుట్టూ తిరిగాం.

"ఈ పిలుపు ఎక్కడ నేర్చుకున్నావు?" అని ఫోర్‌మన్ తన వచ్చీరాని హిందీలో అడిగారు.

"మా నాన్న దగ్గర. ఆయన స్తంభాలు ఎత్తేవారు," అన్నాను.

ఆనాటి నుంచి ఏ ఫారంలోనైనా తండ్రి వృత్తి దగ్గర 'కరెంటు స్తంభాలు ఎత్తే కూలీ' అని రాస్తున్నాను.