నా గొంతు వింటే పారిపోవాలి

ఆ అమ్మాయికి నోరు మూసుకుని ఉండటం వచ్చు. నాకు రాదు. మా మధ్య తేడా అంతవరకే అయితే బాగుండేది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు, సొంత దేశం, కిటికీలోంచి చూపించి ‘మాది’ అనగలిగే కొండ ఉన్నాయి. నాకు యాభై దగ్గరపడ్డాయి, జువాలజీ డిగ్రీ ఉంది, మార్చితో ముగిసే కాంట్రాక్టు ఉండేది. నాది అసూయే. దానికి ఇంకో మర్యాదైన పేరు వెతకటం నాకు చేతకాదు.

రియాద్ నుంచి గంటన్నర దూరంలో కొండమేకల పెంపక కేంద్రం ఉండేది. అక్కడివాళ్లు వాటిని వఅల్ అంటారు. వెనక్కి వంగిన కొమ్ములు, నిట్టనిలువు రాతిమీద కూడా ఆగి నిలబడే కాళ్లు. ఒకప్పుడు ఆ కొండల్లో మందలు మందలుగా ఉండేవట. ఒక్కటి కూడా మిగలకుండా వేటాడారు. ఇప్పుడు కంచెల్లో పెంచి, మళ్లీ కొండకు వదులుతున్నారు. వాటి రక్తం, పెంటికలు పరీక్షించటం నా పని. రియాద్‌లో మలాజ్ పేటలోని మా ఇంటి నుంచి పొద్దున్నే వ్యాన్‌లో వెళ్లి చీకటి పడకముందే వచ్చేదాన్ని.

నితాకత్ చట్టం వచ్చాక ప్రతి ఆఫీసులో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్నారు. తర్వాత పరదేశి ఒక్కొక్కరి మీదా లెవీ వేశారు. ఆ రెండూ కలిసి ఆ అమ్మాయిని తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాయి. ఆరు నెలల్లో నా పనంతా ఆమెకు నేర్పి, నేను ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని దేశం వదలాలి. ఆమె రెండు నెలల్లోనే నేర్చుకుంది. పెళ్లై పాతికేళ్లు దాటినదాన్ని ‘మిస్’ అని పిలిచేది.

“చెప్పేవాళ్లు బాగా చెబితే అంతే మరి” అన్నారు మావారు.

“మీ ఓదార్పు చాలు, కాఫీ తాగండి” అన్నాను.

అయితే ఆ అమ్మాయి రాకముందే నేనొక తప్పు చేసి ఉన్నాను. కథంతా దానిమీదే నడిచింది.

కొండకు వదలబోయే జంతువుకు మనిషి అలవాటు కాకూడదు. అందుకని కంచెల దగ్గర ఎవరూ మాట్లాడకూడదని నియమం. తల్లి దగ్గరకు రానివ్వని పిల్లకు పాలు పట్టాల్సి వస్తే, గోనెగుడ్డ కట్టిన చెక్క వెనక కూర్చుని, రంధ్రంలోంచి సీసా పెట్టి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పట్టాలి. ఆ పని కడప నుంచి వచ్చిన కాపరిది. ఆ వసంతంలో తనిఖీలు ముమ్మరమయ్యాయి. ఆయన ఇఖామాలో, అంటే నివాస కార్డులో, వృత్తి ‘ఇంటి డ్రైవర్’ అని ఉంది. అది మార్పించుకునేదాకా గేటు దాటి రావద్దన్నారు. సరిగ్గా అప్పుడే, చెవికి నలభై ఏడో నంబరు బిళ్ల ఉన్న ఆడ మేకపిల్లను దాని తల్లి తన్ని తరిమేసింది. మూడు వారాలు సీసా నా చేతికి వచ్చింది.

మొదటి రోజు నోరు మూసుకునే ఉన్నాను. రెండో రోజు అది సీసా నోట్లోంచి వదిలేసి దిక్కులు చూస్తుంటే ఒళ్లు మండింది.

“తాగవే, దొంగమొహమా. నీకోసం రియాద్ నుంచి పడి వస్తుంటే దిక్కులు చూస్తావేం?”

అది తాగింది. ఇక ఆపలేదు నేను. వ్యాన్ ఆలస్యం గురించి, మా ఇంటాయన గురక గురించి, దాని తల్లి బుద్ధి గురించి రోజుకు నాలుగుసార్లు చెప్పాను. ముద్దు చేయలేదు, తిట్టాను. తిట్టటం మచ్చిక చేయటం కిందికి రాదని నా వాదన. ఆ వాదన ఎవరి దగ్గరా పెట్టలేదు, ఎందుకంటే ఎవరికీ చెప్పలేదు.

కాపరి తిరిగి వచ్చిన రోజే కనిపెట్టాడు.

“ఏం మేడమ్, ఈ నలభై ఏడు మీ గొంతు ఇంటానే లేచి నిలబడ్తాంది?”

“నిలబడితే నీకేం భాయ్? కాళ్లున్నాయి, నిలబడింది.”

“నాకేం లేదు మేడమ్. పశువుల డాక్టర్‌కు తెలిస్తే దానికే కష్టం.” అని ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు కూడా.

డిసెంబరులో పరీక్ష పెట్టారు. వదలబోయే మందను పెద్ద కంచెలో ఉంచి, ఒక మగమనిషి, ఒక నల్ల అబాయా వేసుకున్న ఆడమనిషి, ఒకరి తర్వాత ఒకరు ఏదో ఒకటి మాట్లాడుతూ లోపల నడుస్తారు. ఏ జంతువైనా పారిపోకుండా మనిషి దగ్గరకు వస్తే దాని నంబరు కొట్టేస్తారు. అది ఇక బతికినంతకాలం కంచెలోనే. అబాయా మనిషిని నేనే. మంద అంతా రాళ్లవైపు దూకింది. నలభై ఏడు మాత్రం నావైపు వచ్చి, అబాయా అంచు నోట్లో పెట్టుకుని నమలటం మొదలుపెట్టింది.

డాక్టర్ సూడాన్ మనిషి, నెమ్మదస్తుడు. కాగితం మీద పెన్ను పెట్టాడు.

“ఆకలేసి ఉంటుంది డాక్టర్. గడ్డి వేయకుండా పరీక్ష పెడితే ఏ జంతువైనా వస్తుంది” అన్నాను.

“గడ్డి వేశాం కదా” అన్నాడు ఆయన. “నెల తర్వాత ఇంకోసారి చూస్తాను. అప్పుడు కూడా వస్తే నా చేతిలో లేదు.”

ఆ అమ్మాయి కంచె బయట నిలబడి అంతా చూసింది. ల్యాబ్‌కు వచ్చాక తలుపు మూసి అడిగింది.

“మిస్, మీరు దాంతో మాట్లాడారా?”

అబద్ధం చెప్పబోయి ఆగాను. ఆమె డాక్టర్‌కు చెప్పలేదు. చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని, ప్రాణం హాయిగా ఉండేది. చెప్పకపోవటంతో ఇంకా కుళ్లుకున్నాను. పైగా ఆ రోజే తన సంగతి చెప్పింది. ఆ కొండమీద చివరిసారి వేటాడినవాళ్లలో వాళ్ల తాత ఉన్నాడట. ఆ కొమ్ములు ఇప్పటికీ వాళ్ల ఇంటి గుమ్మం పైన ఉన్నాయట. వాటి కింద నుంచి స్కూలుకు వెళ్లి వచ్చిన పిల్ల, ఒక్కదాన్నైనా వెనక్కి పంపాలనుకుని ఈ ఉద్యోగానికి వచ్చిందట. చంపిందీ వాళ్లే, తిరిగి తెచ్చేదీ వాళ్లే. మధ్యలో పాలు పట్టిన నా పేరు ఎక్కడుంటుంది?

“దాన్ని నేను భయపెడితే నాకు భయపడుతుంది, మిమ్మల్ని మాత్రం నమ్ముతూనే ఉంటుంది” అంది. “మీరే భయపెట్టాలి.”

మర్నాటి నుంచి రేకు మూత పట్టుకుని కంచెలోకి వెళ్లి, గరిటెతో బాది, గొంతు చించుకుని తిట్టాను. నాలుగు రోజులు అలాగే చేశాను. తిట్లు వింటూ పెరిగిన పిల్ల అది. తిట్టు వినబడితే దానికి పాలే గుర్తొచ్చేవి. తోక ఊపుకుంటూ ఇంకా దగ్గరకు వచ్చేది. కాపరి కంచె పట్టుకుని నవ్వాడు.

“మేడమ్, మీరు ఎంత తిడితే దానికి అంత ఆకలేస్తాంది.”

ఐదో రోజు ఆ అమ్మాయి సూది, రక్తం తీసే గొట్టాలు ఉన్న ట్రే తెచ్చి నా ముందు పెట్టింది. మామూలుగా కాపరి జంతువును పట్టుకుని కళ్లకు గంతలు కట్టాక, నేను మాట లేకుండా రక్తం తీసి వెళ్లిపోతాను. ఎవరు గుచ్చారో దానికి తెలియదు. ఈసారి గంతలు కట్టలేదు. అదే నా దగ్గరకు వచ్చింది. ఆ అమ్మాయి కాళ్లు పట్టుకుంది, నేను మెడ మీద మోకాలు ఆనించి, దాని చెవి దగ్గరే అన్నాను.

“తాగవే, దొంగమొహమా.”

అని గుచ్చాను. అది అరిచింది. కొండమేక అరుపు చిన్న పిల్లల అరుపులా ఉంటుందని ఎక్కడో చదివాను. అలా లేదు. కొండమేక అరిచినట్టే ఉంది. ఆ అమ్మాయి పట్టు జారకుండా, మెత్తగా, ఒక చేత్తో దాని పొట్ట నిమురుతూనే ఉంది. నిమిరేది ఆమె చెయ్యి, గుచ్చేది నాది. ట్రే ఆమె తెచ్చిందన్న సంగతి ఆ మేకకు ఎవరు చెబుతారు?

వరసగా మూడు రోజులు అలా చేశాం. నాలుగో రోజు నేను గేటు దగ్గర దగ్గితే చాలు, అది అవతలి గోడకు చేరింది.

జనవరి పరీక్షలో మందలోకల్లా ముందు పరుగెత్తింది అదే. డాక్టర్ టిక్కు పెట్టాడు.

“పాసైపాయ మేడమ్” అన్నాడు కాపరి.

“గాలి నావైపు నుంచి వీచింది, వాసన తగిలి పరుగెత్తింది. అదేం గొప్ప?” అన్నాను.

ఫిబ్రవరిలో వాటిని కొండకు తీసుకెళ్లారు. బండిలో ల్యాబ్ నుంచి ఒక్కరికే చోటు. “మీరు వెళ్లండి మిస్” అంది ఆ అమ్మాయి. ఆ చోటు ఆమె నాకు ఇవ్వటం ఏమిటని నాకు మండింది. వచ్చే ఏడు కూడా ఈ పని చేయాల్సింది నువ్వు, నువ్వే చూడాలి అని గట్టిగా వాదించి గెలిచాను. గెలిచి, ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని పాత స్లైడులు కడుగుతున్నాను. కాపరి ఫోన్ చేశాడు.

“మేడమ్, అన్నీ పాయినాయి. నలభై ఏడు పెట్టెలోంచి రాలా. తలుపు తీసి అరగంటాయ. ఆ పాప ఫోన్ పెట్టె దగ్గర పెడతాదంట, మిమ్మల్ని ఒక్కసారి తిట్టమంటాంది.”

“ఏమని తిట్టను?”

“దానికి తెలిసిందే తిట్టండి.”

ఫోన్‌లో గాలి హోరు వినబడింది. ఆ అమ్మాయి ఊపిరి కూడా వినబడింది, మాట మాత్రం లేదు.

“తాగవే, దొంగమొహమా” అన్నాను.

చెక్కమీద గిట్టలు ఒక్కసారి డబడబమన్నాయి, తర్వాత రాళ్లు జారిన చప్పుడు. అది దూరమై, మళ్లీ గాలి మిగిలింది.

“ఎటు పోయింది భాయ్?”

“నేను బండికాడ ఉండా మేడమ్. ఆ పాపే చూసింది.”

మర్నాడు ఆమెను అడిగాను. మాటల్లో చెప్పలేక, రిజల్టు కాగితం వెనక గీసి చూపించింది. ఇక్కడ పెట్టె, ఇక్కడ లోయ, ఈ పగులు వెంట పైకి. చివర కొండ అంచున చిన్న చుక్క. అక్కడ ఆగి ఒకసారి వెనక్కి చూసిందట. నన్ను సంతోషపెట్టటానికి కల్పించిందేమోనని రెండుసార్లు గుచ్చిగుచ్చి అడిగాను. రెండుసార్లూ అదే చెప్పింది.

మార్చిలో వచ్చేస్తూ ఆ కాగితం తెచ్చుకున్నాను, నా దగ్గరే ఉంది. ఆ చుక్క ఇంకాస్త పైన పెట్టాల్సిందని నా వాదన. నేను పెంచిన మేక అంత కిందనే ఆగి ఉండదు.