ఏమీ పెరగని గాజు పళ్లెం

మార్కాపురంలో పశువుల రోగాలు పరీక్షించే ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బిడియం. మైక్రోస్కోపుతో ఆ ఇబ్బంది లేదు.

ఒక ఎండాకాలం, పెద్దారవీడు వైపు పందులు పెంచుకునే ఒకాయన స్టీలు క్యారియర్‌లో ఊపిరితిత్తి ముక్కలు తెచ్చాడు. మందలో పందులు దగ్గి దగ్గి చనిపోతున్నాయి. ఈనడానికి సిద్ధంగా ఉన్న పెద్ద పందికీ దగ్గు మొదలైంది. మందుల షాపులో కొన్న ఇంజెక్షన్ వేస్తున్నా తగ్గడం లేదు. ఏ మందు పనిచేస్తుందో చెప్పమన్నాడు.

ముక్క మీద అద్దిన దూదిపుల్లను గాజు పళ్లెంలో రాశాను. అందులో క్రిములు పెరిగితే, మందులు అద్దిన కాగితపు బిళ్లలు వాటి మధ్య పెడతాం. ఏ బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడితే ఆ మందు పనిచేస్తున్నట్టు. కానీ మర్నాడు చూస్తే పళ్లెంలో ఏమీ పెరగలేదు.

రోగంతో చచ్చిన పంది ఊపిరితిత్తిలో క్రిములే లేవా? ముక్కలకు నెత్తురు చుక్క కూడా లేదు. అంచులు పచ్చగా ఉన్నాయి. సంతలో పొట్టేలుది కొని తెచ్చాడేమో! ‘ఈ మనిషి ఏదో దాస్తున్నాడు’ అని డైరీలో రాసుకున్నాను.

మా పశువుల డాక్టరుగారు, నేను జీపులో వాళ్ల దొడ్డికి వెళ్లాం. పందులాయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“రోగమొచ్చిన పందుల్ని మీ ఆఫీసోళ్లు చంపి, గుంత తీసి పూడుస్తారంట గదా. నా పెద్దదాన్ని పూడ్చేదానికే వచ్చినారా?”

“కాదన్నా. ఇంకో ముక్క కావాలి. మీరు తెచ్చింది... దేనిది?” అన్నాను.

తొట్టి కడుగుతున్న ఆయన భార్య తలెత్తింది. “దేనిదేంది పాపా, మా పందిదే! నెత్తురు కారతా ఆఫీసుకు పంపితే ఏం బాగుంటాది? కాగే నీళ్లు పోసి, ఉప్పు, పసుపు పట్టించి, బాగా కడిగి ఇచ్చినా.”

“ఇంత కారం గూడా ఎయ్యకపోయినావా!” అన్నాడు ఆయన.

“నువ్వే గదా శుభ్రంగా ఇయ్యమన్నావు!”

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ ఉదయమే చనిపోయిన ఒక పందిని ఆయన కోస్తే, నేను ముక్క తీసుకున్నాను. “ఏం తీసినారు, చూపించండి” అంటూ డబ్బా మూత పెట్టేదాకా పందులాయన నా చేతుల వంకే చూశాడు.

ఈసారి పళ్లెం నిండా క్రిములు పెరిగాయి. షాపు మందు బిళ్లను క్రిములు ఆనుకుని ఉన్నాయి. ఇంకో బిళ్ల చుట్టూ మాత్రం వెడల్పాటి ఖాళీ.

మేమిద్దరం ఆ మందు తీసుకెళితే పందులాయన సీసాను తిప్పి తిప్పి చూసి, సీలు గోటితో గీకాడు. “షాపాయన గూడా మంచి మందనే చెప్పినాడు. ఇదన్నా పనిచేస్తాదా?”

“పళ్లెంలో పనిచేసిందన్నా.”

“పళ్లెంలో గాదు మేడం, పందిలో జెప్పు.”

సీసా తీసుకుని డాక్టరుగారి చేతికిచ్చాను. ఆయన పెద్ద పందికి ఇంజెక్షన్ వేశారు. తర్వాతి రోజుల్లో మోతాదు తప్పకుండా వేయమని, ఎలా వేయాలో పందులాయన భార్యకు చూపించారు.

వారం పోయాక మళ్లీ వెళ్లాం. పందులాయన పలకరించకుండా జీపు వెనక్కి వెళ్లి, సీట్ల కింద పార, గడ్డపార ఉన్నాయేమోనని వంగి చూశాడు. ఏమీ లేవని తేల్చుకున్నాకే దారి వదిలాడు.

“రా పాపా, దగ్గు తగ్గినాదిలే” అంది ఆమె. పెద్ద పంది తొట్టిలో మూతి పెట్టి తవుడు తింటోంది.