గోళ్ల రంగు గురించి నేను చెప్పిన అబద్ధం

నల్గొండ బజారులో మేడ మీద ఉన్న ఒక బ్యూటీ పార్లర్‌లో కిటికీ పక్క జాగా నేను కిరాయికి తీసుకున్నాను. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోళ్ల రంగు ఆరబెట్టే చిన్న లైటు. హైదరాబాద్‌లో పని నేర్చుకుని వచ్చాను. గోళ్ల కోసమే ఒక మనిషి కూర్చుని ఉంటుందంటే మా చుట్టాలు నవ్వారు. పెళ్లిళ్ల కాలం వచ్చేసరికి మాత్రం నాకు తిండి తినే తీరిక ఉండేది కాదు.

మొదట్లో మంచి పాలిష్ వాడాను. తర్వాత సరుకు తెచ్చే అతను పేరు లేని సీసాలు చూపించాడు. అదే రంగు, అదే మెరుపు, చాలా చవక. వాసన మాత్రం ఘాటుగా ఉంది. వాటిని కొని, ఖాళీ అయిన కంపెనీ సీసాల్లో పోశాను. పోసేటప్పుడు తలుపు గడియ పెట్టుకున్నాను. చేస్తున్నది తప్పని తెలియకపోతే గడియ ఎందుకు పెడతాను?

ఆ రంగు లైటు కింద ముడతలు పడేది. నాలుగు రోజులకే పెచ్చులు లేచేది. ఎవరైనా వచ్చి అడిగితే, "నీళ్లల్ల చేతులు పెట్టిన్రా?" అనేదాన్ని. నీళ్లలో చేతులు పెట్టని ఆడవాళ్లు ఎక్కడుంటారు? అందరూ తప్పు తమదే అనుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఒకరోజు పక్క ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేనేత వాళ్ల పిల్ల. నూలుకు ముడులు కట్టి రంగు అద్దే పని ఆమెది. పెళ్లికి ఇంకా నెల రోజులుంది. గోళ్లు ఎలా ఉంటాయో ముందే చూసుకుంటానని ముచ్చటపడి వేయించుకుంది.

అయిదో రోజు మళ్లీ వచ్చింది. గోళ్ల చుట్టూ చర్మం ఎర్రబడి, చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి.

"మంట లేస్తాంది అక్కా. దురదకు నిద్ర పడ్తలేదు."

అది నా రంగు పనేనని చూడగానే తెలిసింది. నోరు మాత్రం తడబడలేదు. "నువ్వు అద్దకం రంగుల్ల చేతులు పెడ్తవు గద చెల్లె. గా మందు గోళ్ల సందుల్లకు పోయింది. నా పాలిష్‌తోని గిట్ల కాదు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "అట్లనా? నేను ముందుగాల జెప్పకపోతిని. తప్పు నాదే అక్కా."

పెచ్చులు లేచిన చోట మళ్లీ అదే రంగు వేసి పంపించాను.

మాదీ చేనేత ఇల్లే. మా అమ్మ బతుకంతా రంగు నీళ్లలో చేతులు పెట్టింది. ఆమెకు ఏనాడూ అలాంటి పొక్కులు రాలేదు. అది తెలిసే నేను ఆ మాట అన్నాను.

వారం తర్వాత ఒక టీచరమ్మ అవే పొక్కులతో వచ్చింది. ఆమె అద్దకం ముఖం కూడా చూసి ఉండదు. ఇక చెప్పడానికి నా దగ్గర అబద్ధం మిగల్లేదు. పాలిష్ మంచిది కాదని ఒప్పుకుని, ఆమె గోళ్లు శుభ్రం చేశాను. సీసాలన్నీ పారేశాను. మర్నాడు పొద్దున బస్సెక్కి ఆ అమ్మాయి ఊరికి పోయాను.

ఆమె గడప మీద ఊరికే కూర్చుని ఉంది. వేళ్లు వాచి పగిలిపోయాయి. లోపల వాళ్లమ్మ ఒక్కతే ముడులు కడుతోంది.

"దవాఖానకు పోయినం బిడ్డా," అందామె. "అద్దకం రంగుతోని అయ్యిందని చెప్పినం. డాక్టరు పని బంద్ చెయ్యుమన్నడు. పని బంద్ చేసినా తగ్గుతలేదు."

పాలిష్ మాటే వాళ్లు డాక్టరుకు చెప్పలేదు. నా మాట నమ్మారు గనక.

నిలబడే చెప్పేశాను. సీసాలు మార్చిన సంగతి, ఆ రోజే నాకు తెలుసన్న సంగతి. తల్లి చేతిలో దారం ఆగిపోయింది. అమ్మాయి మాత్రం నెమ్మదిగా అడిగింది.

"తెలిసి గూడ మల్ల ఎందుకు ఏసినవ్ అక్కా?"

"నడువు, దవాఖానకు పోదాం," అన్నాను.

డాక్టరు ముందు మళ్లీ అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. ఆ రంగు పూర్తిగా తీసేయించి, పూత మందు రాసిచ్చాడు. ఇక జన్మలో అలాంటి పాలిష్ పెట్టుకోవద్దని ఆమెకు చెప్పాడు. పెళ్లినాటికి పుండ్లు మానాయని విన్నాను. నన్ను పిలవలేదు. ఎలా పిలుస్తారు?

పార్లర్ యజమానురాలు విని, "నా పార్లర్ పేరు ఖరాబ్ చేసినవ్. జాగా ఖాళీ చెయ్యి," అంది. చేశాను.

ఇప్పుడు జడ్చర్లలో ఇంకొకరి దుకాణంలో కూర్చుంటున్నాను. సీసా మూత వచ్చినవాళ్ల ముందే తీస్తాను. ముందు ఒక్క వేలికి పెట్టి, రెండు రోజులాగి రమ్మంటాను. "నీ అంత నియ్యతు ఎవలకుంటది అక్కా," అని నా నిజాయితీని మెచ్చుకుంటారు కొందరు. అప్పుడు తల వంచుకుని, వాళ్ల గోళ్లు అరగదీస్తూ ఉంటాను. వాళ్లలో ఒక్కరికి కూడా ఈ సంగతి చెప్పలేదు.